చంకలో తమ్ముడు, చెవి మీద చెయ్యి

మా కాలంలో పిల్లలు బడికి పోయేవాళ్లు. ఇప్పుడు బడే వ్యానెక్కి ఇంటి ముందుకు వచ్చి హారన్ కొడుతోంది. మొన్న మా మనవరాలిని ఆ పసుపుపచ్చ వ్యానులోకి ఎక్కించడానికి ఇంటిల్లిపాదీ కదలాల్సి వచ్చింది. కోడలు కాళ్లు పట్టుకుంది, కొడుకు చేతులు పట్టుకున్నాడు, నేను టిఫిన్ డబ్బా పట్టుకున్నాను. బరువైన పనులు ఎప్పుడూ నాకే వస్తాయి. మూడేళ్లు నిండీ నిండని బిడ్డకు మెడలో టై ఒకటి. ఏడవడానికి కూడా గొంతు సందివ్వని టై.

"ఒక వారం ఏడుస్తాది, ఆమీట అదే అలవాటైతాది లేమ్మా," అన్నాడు డ్రైవరు.

"నువ్వెన్నాళ్లు ఏడ్చినావప్పా?"

"నేను బడికే పోలేదు కదమ్మా," అని నవ్వుతూ గేరు మార్చాడు.

సాయంత్రం అది బుగ్గల మీద కన్నీటి చారలతోనే వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకొని, ఒక ఇంగ్లీషు పాట ఆపకుండా అప్పజెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "దానికి అర్థమేంది బంగారూ?" అన్నాను. అది నన్ను జాలిగా చూసింది. "అర్థం లేదవ్వా. అది పాట."

నవ్వుకుంటూ వంటింట్లోకి పోయాను. కోడలు పొయ్యి మీద గోధుమరవ్వ వేయిస్తోంది. వేగుతున్న రవ్వ వాసన ముక్కుకు తగిలేసరికి నా నడుము దానంతటదే ఎడమ పక్కకు ఒరిగింది. ఆ పక్కన ఒకప్పుడు మా తమ్ముడు ఉండేవాడు.

అప్పుడు మాది హిందూపురం. బెల్లం మండీకీ రైలు గేటుకీ మధ్య ఒక ఇరుకు సందు. గాలి అటునుంచి వీస్తే బెల్లం వాసన, ఇటునుంచి వీస్తే రైలుబొగ్గు వాసన, గాలి లేకపోతే మా సందు సొంత వాసన. నాయన దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. మనిషంత పొడుగుండే విల్లు ఒకటి ఉండేది. దాని తీగను చెక్కగుండుతో కొడితే టంయ్ టంయ్‌మని మోగుతూ, గడ్డకట్టిన పాత దూదిని పొగలా పైకి లేపేది. ఇల్లంతా దూదే. మా ఇంట్లో అందరికీ పొద్దున తల నెరిసేది, సాయంత్రం నీళ్లు పోసుకుంటే నల్లబడేది. పప్పులో దూది, సంగటిలో దూది. "ఈ ఇంట్లో తిన్న తిండి కడుపులో పరుపేసుకొని పండుకుంటాది," అనేది అవ్వ.

పెళ్లిళ్ల కాలం వస్తే నాయన విల్లు భుజాన వేసుకొని ప్యాసింజర్ బండిలో పెనుకొండకో ధర్మవరానికో పోయేవాడు. ఆ విల్లు పెట్టె తలుపులో అడ్డం పడేది. దిగేవాళ్లు దిగలేక, ఎక్కేవాళ్లు ఎక్కలేక, "ఏమప్పా, యుద్ధానికి పోతాండావా?" అని కేకలేసేవాళ్లు. "లేదప్పా, జనాల్ని నిద్రబుచ్చేకి పోతాండా," అనేవాడు నాయన. ధర్మవరంలో అంత పట్టు నేసేవాళ్లు కూడా ఒళ్లు వాల్చేది తన దూది మీదేనని ఆయనకు లోలోపల గొప్ప.

అమ్మ చెనక్కాయల మిల్లుకు పోయేది. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేది. అవ్వకు మోకాళ్లు వంగవు, కళ్లు చేతిలో సూది దాటి పనిచేయవు. కాబట్టి తమ్ముడు నా వాటాకు వచ్చాడు. నాకు ఆరేళ్లుంటాయేమో, వాడికి మూడు. ఎప్పుడూ నా ఎడమ చంకలోనే. సందులో వాళ్లు నన్ను రెండు తలల పిల్ల అనేవాళ్లు. వాణ్ని దించి నిలబడితే నేను వంకరగా కనపడేదాన్ని, ఎత్తుకుంటే సరిగ్గా కనపడేదాన్ని.

ఇంకొక సంగతి చెప్పాలి. మేము సాయిబులం. కానీ మా ఇంట్లో తిట్టు తెలుగు, జోల తెలుగు, బేరం తెలుగు, కల వస్తే కల కూడా తెలుగే. నాయనకు నమాజు మాటలు నోటికి వచ్చు. ఉర్దూ మాత్రం ఎవ్వరికీ రాదు. ఆ చుట్టుపక్కల ఊరూరా మాలాంటి వాళ్లున్నారు గనక ఇందులో వింతేమైనా ఉందని నాకు తెలియదు. తెలిసింది బడి మూలంగానే.

మా సందు చివర మునిసిపాలిటీ బడి ఉండేది. తమ్ముణ్ని ఎత్తుకొని కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. లోపల పిల్లలు చేతులు కట్టుకొని కూర్చునేవాళ్లు. రెండు చేతులూ ఖాళీగా ఉంటే కదా కట్టుకునేది! చదువు సంగతి నాకు తెలియదు, ఆ చేతులు కట్టుకోవడం మాత్రం మహా గొప్పగా కనపడింది. అమ్మను పీక్కు తిన్నాను. నాయనను గోకాను. చివరికి మామిడికాయలు అయిపోయి బళ్లు తెరిచిన రోజుల్లో, "పోయి పెద్దసారును అడుగు పో, నన్నెందుకు చంపుతావు," అంది అమ్మ. నేను నిజంగానే పోయాను. తమ్ముడితో సహా.

అప్పుడు పుట్టినరోజు కాగితాలు ఎవరికున్నాయి? వయసు తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి అందుకోవాలి. అందితే ఒకటో తరగతి, అందకపోతే ఇల్లు. పెద్దసారు, "ఏదీ, చెవి పట్టుకో," అన్నాడు. ఎడమచేత్తో తమ్ముణ్ని అదిమిపట్టుకొని కుడిచెయ్యి తల మీదుగా తెచ్చాను. ఇదేదో ఆట అనుకొని వాడు కూడా నా చెవి పట్టుకున్నాడు.

పెద్దసారు కళ్లజోడు సర్దుకున్నాడు. "అందిందే. కానీ అది నీ చెయ్యా, వాని చెయ్యా?"

"రెండూ అందినాయి సార్."

"అట్లయితే వాణ్ని కూడా చేర్చుకోవల్లేమో!" అని నవ్వి, మళ్లీ ముఖం బిగించాడు. "సూడు పాపా, నిన్ను చేర్చుకుంటా. చంకబిడ్డతో మాత్రం రాగూడదు. వాణ్ని యాడన్నా పెట్టి రా."

"యాడ పెట్టల్ల సార్?"

"అది నన్నడిగితే ఎట్ల? వినాయక చవితి దాకా పేర్లు రాసుకుంటా. అది దాటితే మళ్లీ ఏడాదే."

పగలంతా తమ్ముణ్ని ఎవరో ఒకరు పెట్టుకోవాలి. అప్పుడే నాకు బడి. ఇంత సులభమైన లెక్క నాకు మళ్లీ ఏ తరగతిలోనూ దొరకలేదు.

అవ్వకు చెబితే, "చెవులు పట్టుకునేకి బడెందుకే, దా, ఇంట్లోనే నేను పట్టుకుంటా," అంది. అన్నదే గానీ పక్కరోజు పొద్దున తానే చెప్పులు వేసుకుంది. రైలు గేటు అవతల చిన్నపిల్లల కోసం కొత్తగా బాలవాడి పెట్టారని ఎవరో చెప్పారట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెట్టుకుంటారు, పాటలు నేర్పుతారు, గోధుమరవ్వ ఉప్పిట్టు కూడా పెడతారు. ఉప్పిట్టు అనగానే తమ్ముడు చంకలో నిటారుగా అయ్యాడు.

ఆ బాలవాడి ఒక పెంకుటింటి వసారా. గోడ మీద సున్నంతో ఏనుగు బొమ్మ వేశారు, తొండం చూస్తేగానీ ఏనుగని తెలియదు. టీచరమ్మ చాలా మంచిది, ముఖం నిండా బొట్టు, నోటి నిండా నవ్వు. తమ్ముడి గడ్డం పట్టుకొని, "ఏం పేరు నాయనా?" అంది. అవ్వ వాడి పేరు చెప్పింది. టీచరమ్మ నవ్వు తగ్గలేదు, ఇంకా పెరిగింది.

"అయ్యో అవ్వా, మీరు ఇంత దూరం ఎందుకొచ్చినారు? మీ వాళ్లకు మసీదు వెనక సందులో వేరే పెట్టినారు కదా. ఆడ మీ భాషలోనే చెప్తారు."

"మా భాష ఇదే కదమ్మా."

"మీరు సాయిబులు కాదా?"

"సాయిబులమే."

"మరి?"

"మరేంది? తెలుగు సాయిబులం."

"పిల్లోడు వాళ్ల భాషలో నేర్చుకుంటే మంచిది కదవ్వా. ఈడ కూర్చోపెడితే వానికి అన్యాయం చేసినట్లు కాదా?"

అవ్వ చెప్పుల్లో కాళ్లు దూర్చింది. ఎదురుగా ఉన్న మనిషి తిట్టి ఉంటే అవ్వ ఊరిని పిలిచేది. ఆమె మేలు చేస్తోంది. మేలు చేసేవాళ్లను ఏమని తిట్టాలో అవ్వకు తెలియలేదు. వెనక్కి తిరిగి గేటు దాటుతూ, "మన భాష ఏందో ఆయమ్మకు తెలుసంట. ఇన్నేళ్లుగా నాకే తెలీలేదు," అని గొణుక్కుంది.

మసీదు వెనక బాలవాడిలో టీచరును పిల్లలు ఆపా అనేవాళ్లు. సన్నటి మనిషి, కళ్లకు సుర్మా. నల్లటి బురఖా గోడ మేకుకు తగిలించి ఉండేది. మమ్మల్ని చూడగానే సంతోషంగా ఉర్దూలో ఏదేదో అడిగింది. అవ్వ భయభక్తులతో సలాం చెప్పింది. ఆమె ఇంకేదో అడిగింది. అవ్వ మళ్లీ సలాం చెప్పింది. మూడోసారి కూడా అదే జరిగాక ఆపా నోటికి చెంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. తర్వాత వచ్చీరాని తెలుగులో, "అమ్మా, నాకి తెలుగు కొంచమే వస్తుంది. పిల్లవాడికి ఉర్దూ లేదు. వాడు దిండు మాదిరి కూర్చుంటాడు, పాపం," అంది.

"దిండు మాదిరే కూర్చోనీలేమ్మా, మా ఇంట్లో అందరికీ అలవాటే," అంది అవ్వ. అప్పటికి ఆమె నోరు మళ్లీ దారిలో పడింది.

తమ్ముణ్ని కింద దించాం. వాడు ఎదురుగా ఉన్న పిల్లలను చూశాడు, ఆపా నోటిని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత ఏడ్చిన ఏడుపుకు మసీదు గోడ మీది పావురాలు లేచిపోయాయి. "రోనా నక్కో బేటా, రోనా నక్కో," అని ఆపా ఎంత ముద్దుగా అంటే వాడు అంత గట్టిగా ఏడ్చాడు. చివరికి ఆపా అలసిపోయి నన్ను చూపించి, "ఈమెని కూడా కూర్చోపెట్టండి. నాలుగు రోజులు," అంది.

అట్లా నేను చేరాను. పెద్దబడికి చెవి అందిన పిల్లను, మూడేళ్ల వాళ్ల మధ్యలో, చాప మీద. నా మోకాళ్లు వాళ్ల తలల కంటే ఎత్తులో ఉండేవి. అయినా నేను బాధపడలేదు. నాలుగు రోజులేగా. తమ్ముడు కుదురుకుంటాడు, నేను లేచి పెద్దబడికి పోతాను.

నాలుగు రోజులంటే ఎన్ని రోజులో పెద్దవాళ్లకు తెలియదని అప్పుడే అర్థమైంది.

నేను గడప దాటితే వాడు ఏడుపు. నీళ్లు తాగడానికి లేచినా ఏడుపు. కాబట్టి కూర్చున్నాను. కూర్చుంటే మాత్రం ఏం తెలుస్తుంది? ఆపా నోరు కదులుతుంది, పిల్లలు నవ్వుతారు, నేను కూడా నవ్వుతాను. వాళ్లు నవ్వడం ఆపాక కూడా నేను కొంచెం నవ్వేదాన్ని, ఎక్కడ ఆపాలో తెలియక. పలకల మీద గీతలు కుడి నుంచి ఎడమకు పోయేవి. ఇంటికొచ్చి నేను బొగ్గుతో గోడ మీద అట్లాగే గీస్తే నాయన చాలాసేపు చూసి, "బాగుండాది," అన్నాడు. ఏం బాగుందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

తమ్ముడికి మాత్రం అనుమానాలు. "ఏమంటాంది అక్కా?" అని నిమిషానికోసారి చెవిలో ఊదేవాడు. నాకు తెలియదని చెబితే వాడు మళ్లీ ఏడుస్తాడు. అందుకని చెప్పడం మొదలుపెట్టాను.

ఆపా చెయ్యెత్తి ఏదో అంది. "చెయ్యెత్తమంటాంది," అన్నాను. ఆపా నోటి మీద వేలు పెట్టుకొని ఏదో అంది. "ఏడిస్తే ఉప్పిట్టు లేదంటాంది." వాడు గప్‌చుప్. ఈ దారేదో సులువుగా ఉందనిపించింది. ఇక ఆగలేదు.

పదకొండు గంటలకు పెద్ద బోగిణిలో ఉప్పిట్టు వచ్చేది. గోధుమరవ్వ, ఏదో దేశపు అక్షరాలున్న డబ్బాలోంచి పోసిన నూనె. ఆ నూనెకు ఒక వింత వాసన, మా సందులో ఏ వంటింట్లోనూ లేనిది. మొదట వెగటు, తర్వాత అదే కావాలనిపించేది. పిల్లలు విస్తరాకు ముక్కలో పెట్టుకొని ఊదుకుంటూ తినేవాళ్లు. అడుగంటిన చెక్క కోసం కొట్లాట. వయసులో పెద్దదాన్నని నాకు వేరే పెట్టేవాళ్లు కాదు, నేను లెక్కలో లేనిదాన్ని. ఆపా పిల్లలవైపు తిరిగి ఏదో అంటే నేను తమ్ముడి చెవిలో, "సగం అక్కకు పెట్టమంటాంది," అన్నాను.

వాడు అనుమానంగా ఆపాను చూశాడు. సరిగ్గా అప్పుడే ఆపా వాడివైపు చూసి తల ఊపి నవ్వింది. సగం నాకొచ్చింది.

ఒక పాట ఉండేది. రోజూ పాడించేవాళ్లు, చేతులతో చెవులు, మీసాలు చూపించాలి. పిల్లి అని నేనే తేల్చుకున్నాను. ఆ పిల్లి బెల్లం మండీకి పోయిందనీ, బెల్లం నాకితే నాలుక అతుక్కుపోయిందనీ, ఒక సాయిబు దూది ఏకే విల్లుతో దాన్ని ఊడదీశాడనీ తమ్ముడికి చెప్పాను. వాడు ఆ పాట వచ్చినప్పుడల్లా నాలుక పట్టుకొని పాడేవాడు. ఆపాకు అది ఎందుకో అర్థం కాలేదు. పక్కపిల్లలు కూడా నాలుకలు పట్టుకోవడం మొదలుపెట్టారు. ఒక వారమయ్యేసరికి బాలవాడి మొత్తం నాలుకలు పట్టుకొని పాడుతోంది. ఆపా కొన్నాళ్లు ఆపబోయి, తర్వాత తాను కూడా పట్టుకుంది.

పాట నాకు పూర్తిగా నోటికొచ్చింది. ఒక్క ముక్క అర్థం తెలియకుండా, ఒక్క తప్పు లేకుండా.

వానలు వచ్చాయి, పోయాయి. బెల్లం మండీలో ఈగలు పెరిగాయి. దారిలో పెద్దసారు ఎదురైతే, "ఏం పాపా, చంక ఖాళీ అయిందా?" అనేవాడు. "ఇంకా నిండుగానే ఉండాది సార్," అనేదాన్ని. పైకి నవ్వేదాన్ని గానీ చవితికి ఎన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టుకునేదాన్ని. మార్కెట్లో మట్టి దిగింది. కుమ్మరివాళ్లు వినాయకుల కాళ్లు చేశారు, పొట్టలు చేశారు. ప్రతి సాయంత్రం పోయి చూసేదాన్ని. తొండాలు పెట్టారంటే నాకు ఇక టైము లేదు.

ఒకరోజు ఉప్పిట్టు వేళకు ఆపా లేచి నిలబడి ఏదో అంది. నేను అలవాటుగా, "సగం అక్కకు..." అని మొదలుపెట్టాను.

"లేదక్కా," అన్నాడు తమ్ముడు. "చేతులు కడుక్కోమనింది."

"నీకెట్ల తెలుసురా?"

"చెప్పింది కదా!"

పక్కనున్న పిల్లాడితో వాడేదో అన్నాడు, ఉర్దూలో. ఆ పిల్లాడు నవ్వాడు. వీడూ నవ్వాడు. ఇద్దరూ తొట్టి దగ్గరకు పరిగెత్తారు. నేను చాప మీద ఒక్కదాన్నే మిగిలాను. అన్నాళ్లూ పక్కన కూర్చొని వాడు వినేశాడు. నేను వాడికి అర్థాలు అల్లే పనిలో పడి వినడం మర్చిపోయాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందు పోవాలో తెలియక రెండూ ముక్కులోనే ఆగిపోయాయి. నెమ్మదిగా లేచి గడప దాటాను. వాడు ఏడవలేదు. గోడ మలుపు దాకా పోయి నిలబడి విన్నాను. అప్పుడూ ఏడవలేదు. ఇప్పటికీ వాడికి కోపం ఉర్దూలో వస్తుంది, ఆకలి తెలుగులో వేస్తుంది.

"రేపు పొద్దున్నే పెద్దబడికి పో," అంది అమ్మ ఆ సాయంత్రం. మార్కెట్లో అప్పటికే తొండాలు పెట్టేశారు.

పక్కరోజు తలకు నూనె రాసుకొని పెద్దసారు ముందు నిలబడి, ఆయన అడక్కముందే చెవి పట్టుకున్నాను. ఆయన నవ్వాడు. "ఇన్నాళ్లు ఏం చేస్తాండావు?" "బాలవాడిలో ఉంటి సార్." "ఓహో, ఏమన్నా వచ్చునా?" వచ్చు కదా మరి! చేతులు ఊపి, మీసాలు చూపించి, నాలుక పట్టుకొని, పాట మొత్తం పాడాను. పెద్దసారు కళ్లు పెద్దవయ్యాయి.

"అరే, ఇంత చక్కగా ఉర్దూ వచ్చినదాన్ని ఈడ తెలుగులో కూర్చోపెట్టి పాడుచేస్తామా? బంగారట్లా బిడ్డ! ఏమప్పా," అని బంట్రోతును పిలిచి, "ఈ పాపను పక్క బడిలో అప్పజెప్పి రా," అన్నాడు.

మళ్లీ మేలే. నేను నోరు తెరిచేలోగా బంట్రోతు నా జబ్బ పట్టుకొని గోడ అవతలి ఉర్దూ బడికి తీసుకుపోయాడు. అక్కడి సారుకు తెల్లటి గడ్డం. ఏదో అడిగాడు. పాట పాడాను. ముచ్చటపడి ఇంకేదో అడిగాడు. మళ్లీ అదే పాట పాడాను. ఈసారి నెమ్మదిగా, వేలు చూపించి, చాలా సులభమైనదేదో అడిగాడు. నా దగ్గర ఉన్నది అదొక్కటే కదా, మూడోసారి కూడా పాడాను.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. తెలుగులో, "దీనికి అర్థం తెలుసునా పాపా?" అన్నాడు.

"తెలుసు సార్. పిల్లి బెల్లం మండీకి పోయింది. బెల్లం నాకితే నాలుక అంటుకుండె..."

విల్లు దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకున్నాడు. నా తల మీద చెయ్యి పెట్టాడు. "నీది ఈ బడి కాదు తల్లీ. ఆ బడి," అని గోడవైపు చూపించాడు.

గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఇటునుంచి ఒక భాషలో ఎక్కాలు వినపడుతున్నాయి, అటునుంచి ఇంకో భాషలో. చంక కూడా ఖాళీ. ఎటు పోవాలో తెలియక ఇంటికి పోయాను.

నాయన విల్లు భుజాన వేసుకొని ధర్మవరం బండికి బయలుదేరుతున్నాడు. మొత్తం విన్నాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. స్టేషన్ వైపు ఒకసారి చూశాడు. తర్వాత విల్లుతోనే బడివైపు నడిచాడు.

"ఏమప్పా," అన్నాడు పెద్దసారు, "ఇంతకీ నీ బిడ్డది ఏ భాష?"

"ఆకలైతే అమ్మా అంటాది సార్."

"నువ్వు సాయిబువే కదా?"

"సాయిబునే సార్."

"మరి ఉర్దూ రాదా?"

"నేర్చుకోవల్లనే ఉండాది సార్, దూదే వదల్లేదు."

పెద్దసారుకు నవ్వొచ్చింది గానీ భయం కూడా ఉన్నట్టుంది. "అది కాదప్పా. రేపు తనిఖీకి వచ్చినోళ్లు, పక్కన ఉర్దూ బడి ఉండగా ఈ బిడ్డ ఈడెందుకుండాదని నన్నడిగితే ఏం చెప్పల్ల?"

అప్పుడు నాయన విల్లును గోడకు ఆనించాడు. ఆయన గొంతులో వేళాకోళం పోయింది. నేను అంతకుముందు ఆ గొంతు వినలేదు.

"సార్, రైలు వదులుకొని వచ్చినా. ఈ బిడ్డ తమ్ముని కోసరం ఇన్నాళ్లూ ఒక్క ముక్క అర్థం కాని చోట కూర్చునింది. ఒక్కనాడు కూడా కంప్లయింటు చెప్పలే. దానికి అర్థమయ్యే చోట కూర్చోపెట్టండి. ఇంకేమీ వద్దు. ఎవరన్నా అడిగితే, వాళ్ల నాయన విల్లు పట్టుకొని వచ్చినాడు, భయపడి రాసుకున్నానని చెప్పండి."

పెద్దసారు విల్లును చూశాడు, నాయనను చూశాడు. కలం తీశాడు. బయట పిల్లలు అప్పటికే గరిక, జిల్లేడు ఆకులు కోసుకొస్తున్నారు. పక్కరోజే చవితి.

పండగ సెలవు అయ్యాక ఒకటో తరగతిలో కూర్చున్నాను. మబ్బు పట్టిన పొద్దు. సారు లోపలికి వచ్చి, గొంతు సవరించుకొని, "వాన వచ్చేట్టుండాది. కిటికీ పక్కన కూర్చున్నోళ్లు ఇవతలికి జరగండి. పలకలు తడుస్తాయి," అన్నాడు.

వాన. కిటికీ. పలకలు. అన్నీ తెలిసిన మాటలే. ఆయన తర్వాత అన్నదీ తెలిసింది, ఆ తర్వాతదీ తెలిసింది. ఒక్కటి కూడా ఊహించాల్సిన పని లేకుండా అన్నీ వరసగా చెవిలోకి వచ్చి కూర్చున్నాయి. చుట్టూ చూశాను. ఎవ్వరూ ఆశ్చర్యపోవడం లేదు. సారు పొద్దుపోక మాట్లాడుతున్నాడనీ, వాన సంగతులు అయ్యాక పని మొదలుపెడతాడనీ అనుకున్నాను. ఆయన ఆవు గురించి చెప్పాడు. అదీ అర్థమైంది. నాకు అనుమానం పెరిగింది.

పక్కపిల్లను గిల్లి, "బడి ఎప్పుడు మొదలైతాది?" అన్నాను.

"మొదలై శానా సేపయింది కదమ్మే!"

నేను నమ్మలేదు. ఇన్నాళ్లు బాలవాడిలో కూర్చున్నదాన్ని, బడి ఎట్లా ఉంటుందో నాకు తెలియదా? ఇది మా వీధిలో మాట్లాడుకునే మాట. ఇట్లా అందరికీ అర్థమయ్యేదానికి పలకలెందుకు, గంటెందుకు, నాయన రైలు వదులుకోవడమెందుకు? అర్థం కానిదేదో ఇంకా రావాలి. ఆ రోజంతా దానికోసం చూశాను. పక్కరోజూ చూశాను.

తర్వాత చెల్లెలు పుట్టింది. అవ్వ పోయింది. నాలుగో తరగతి మధ్యలో అమ్మ నన్ను మాన్పించింది. ఇంట్లో వాళ్లందరికీ నాకంటే ఎక్కువ బాధగా ఉంది. నాయన రెండు రోజులు విల్లు ముట్టలేదు. నేను మాత్రం పెద్దగా ఏడవలేదు. అసలు బడి ఇంకా మొదలు కాలేదనే అప్పటికీ అనుకుంటున్నాను.